జనరేట్ అయిన జీఆర్‌పీసీ కోడ్‌ను లేయర్లున్న ప్రాజెక్టులో ఎక్కడ, ఎలా పెట్టాలి

"ప్రోటో ఫైలు రాశాను, కోడ్ జనరేట్ అయింది. ఇప్పుడు దీన్ని ఏ ఫోల్డర్లో పెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. జీఆర్‌పీసీ అంటే సర్వీసులు నెట్‌వర్క్ మీద ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి. ఆ మెథడ్లు, మెసేజ్‌లు ఎలా ఉండాలో రాసే ఫైలే ప్రోటో, దాని నుంచే కోడ్ పుడుతుంది. అడిగేది ఫోల్డర్ పేరే అయినా, కాసేపు మాట్లాడితే అసలు ఇబ్బంది బయటపడుతుంది. జనరేట్ అయిన స్ట్రక్టులు హ్యాండ్లర్ (వచ్చిన రిక్వెస్టును అందుకునే కోడ్) నుంచి బిజినెస్ లాజిక్‌లోకి, అక్కడి నుంచి డేటాబేస్ కోడ్‌లోకి పాకిపోయి ఉంటాయి. ప్రోటోలో ఒక్క ఫీల్డు పేరు మారిస్తే చాలు, ప్రాజెక్టు ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎర్ర గీతలే.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. జనరేట్ అయిన కోడ్‌ను గడప దగ్గరే ఆపాలి. అక్కడే దాన్ని విప్పి, మన సొంత టైపుల్లోకి మార్చుకుని, ఆ తర్వాత లోపలికి పంపాలి. ఇందుకు మార్పిడి ఫంక్షన్లు చేత్తో రాయక తప్పదు. అది విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను.

ఉదాహరణకు గ్రంథాలయంలో పుస్తకాలు అరువిచ్చే సర్వీసును తీసుకుందాం. భాష గో. జావా, పైథాన్ వాడేవారికి తేడా ఉన్నచోట చెబుతాను. ఫైళ్లు, ఫంక్షన్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీ కోడ్‌లో వాటి మామూలు పేర్లే ఉంచుకోండి.

కావాల్సినవి

- ప్రోటోబఫ్ కంపైలర్ 'ప్రోటోక్', లేదా దాని బదులు 'బఫ్' అనే టూల్. కొత్తగా మొదలుపెడుతుంటే బఫ్ తీసుకోండి. కోడ్ జనరేట్ చేయడం, లింట్ (రాసిన పద్ధతిలోని తప్పులు) చూడడం, పాత క్లయింట్లను విరగ్గొట్టే మార్పులను పట్టుకోవడం, మూడూ అందులోనే ఉన్నాయి.
- గో కోసం రెండు ప్లగిన్లు. మెసేజ్‌లకు 'ప్రోటోక్-జెన్-గో', సర్వీసులకు 'ప్రోటోక్-జెన్-గో-జీఆర్‌పీసీ'.
- ఒక మేక్‌ఫైలు, లేదా ఒక చిన్న షెల్ స్క్రిప్టు.
- ప్రతి పుల్ రిక్వెస్టుకూ నడిచే సీఐ, అంటే బిల్డు, టెస్టులు తనంతట తానే నడిపే ఏర్పాటు.
- ఎవరు ఎవరిని ఇంపోర్ట్ చేయవచ్చో కాపలా కాసే లింటర్. గోలో 'డెప్‌గార్డ్', జావాలో 'ఆర్క్‌యూనిట్', పైథాన్‌లో 'ఇంపోర్ట్-లింటర్'.

1. ప్రోటో ఫైళ్లకు ఒకే చోటు చూపించండి

ప్రాజెక్టు మొత్తం ఇలా ఉంటే నాకు నచ్చుతుంది:

ప్రోటో/లైబ్రరీ/లోన్/వీ1/లోన్.ప్రోటో : చేత్తో రాసేది
జెన్/లైబ్రరీ/లోన్/వీ1/ : జనరేట్ అయ్యేది, ఎవరూ ముట్టుకోనిది
ఇంటర్నల్/డొమైన్/ : అరువు, సభ్యుడు, గడువు నియమాలు
ఇంటర్నల్/యాప్/ : 'అరువివ్వు', 'వాపసు తీసుకో' లాంటి పనులు
ఇంటర్నల్/స్టోరేజ్/ : డేటాబేస్ కోడ్
ఇంటర్నల్/ట్రాన్స్‌పోర్ట్/ : హ్యాండ్లర్లు, మార్పిడి ఫంక్షన్లు
ఇంటర్నల్/క్లయింట్స్/ : వేరే సర్వీసులను పిలిచే కోడ్
సీఎండీ/సర్వర్/ : అన్నిటినీ కలిపి కుట్టే మెయిన్

ప్రోటో ఫైలు లోపల రాసే ప్యాకేజీ పేరు, అది ఉన్న ఫోల్డర్ దారి ఒకటే కావాలి. 'లైబ్రరీ.లోన్.వీ1' అని రాస్తే ఫైలు ఆ ఫోల్డర్లోనే ఉండాలి. 'వీ1'ను మొదటి రోజే పెట్టండి. ఆ పేరు నెట్‌వర్క్ మీద వెళ్లే మెథడ్ దారిలో భాగం కాబట్టి, తర్వాత చేర్చబోతే పాత క్లయింట్లన్నీ ఆగిపోతాయి.

హెచ్చరిక: అదే ప్రోటో ఫైలును రెండు చోట్ల జనరేట్ చేసి, రెంటినీ ఒకే గో ప్రోగ్రాంలోకి ఇంపోర్ట్ చేయకండి. ప్రతి ప్రోటో ఫైలూ ప్రోగ్రాం మొదలవగానే ఒక ఉమ్మడి పట్టికలో తన పేరు నమోదు చేసుకుంటుంది. ఒకే పేరు రెండోసారి వస్తే మెయిన్ మొదటి లైను నడవకముందే ప్రోగ్రాం ప్యానిక్ అవుతుంది, అంటే ఎర్రర్‌తో ఆగిపోతుంది. రెండు బృందాలు ఒకే ప్రోటోను తమ తమ రిపాజిటరీల్లోకి కాపీ చేసుకున్నప్పుడు ఈ తంటా తప్పకుండా వస్తుంది. ఎర్రర్‌ను దాచే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి ఉంది కానీ దాని జోలికి పోవద్దు, కాపీలను ఒకటి చేయండి.

2. జనరేట్ అయిన ఫోల్డర్లో చేత్తో ఒక్క ఫైలూ రాయకండి

'జెన్' ఫోల్డర్ను ఎప్పుడంటే అప్పుడు పూర్తిగా తుడిచేసి మళ్లీ పుట్టించగలగాలి. అందులో "ఒక్క చిన్న హెల్పర్" పెట్టారా, ఆ రోజు నుంచి తుడవడానికి భయపడతారు. తుడవకపోతే, ప్రోటో నుంచి తీసేసిన సర్వీసుల తాలూకు పాత ఫైళ్లు అక్కడే మిగిలిపోయి కంపైల్ అవుతూనే ఉంటాయి.

జెన్ ఫోల్డర్ ఇంటర్నల్ లోపల ఉండాలా, బయట ఉండాలా? వేరే బృందాలు మీ రిపాజిటరీ నుంచే క్లయింట్ కోడ్ తీసుకుంటాయంటే బయట. ఇంటర్నల్ అనే ఫోల్డర్ కింద ఉన్నవాటిని దాని తల్లి ఫోల్డర్ పరిధి దాటి ఎవరూ ఇంపోర్ట్ చేయలేరన్నది గో నియమం, 'గో' కమాండే అడ్డుకుంటుంది. వాడేది మీరొక్కరే అయితే లోపల పెట్టండి, నిశ్చింత.

గిట్‌లో కమిట్ చేయాలా వద్దా అన్నది ఎప్పటికీ తెగని వాదం. గోలో నేను కమిట్ చేస్తాను. ప్యాకేజీని తెచ్చుకునేవారి దగ్గర ప్రోటోక్ ఉండాలని లేదు కదా. జావాలో గ్రేడిల్ ప్లగిన్ బిల్డు సమయంలోనే కోడ్ పుట్టిస్తుంది, అది బిల్డు ఫోల్డర్లోనే ఉండిపోతుంది, కాబట్టి అక్కడ కమిట్ అక్కర్లేదు. కమిట్ చేసేవారు గిట్ యాట్రిబ్యూట్స్ ఫైలులో ఆ ఫోల్డర్ను 'జనరేటెడ్' అని గుర్తు పెడితే, రివ్యూలో ఆ వేల లైన్లు ముడుచుకుని ఉంటాయి.

పైథాన్ వారికి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ జనరేట్ అయిన ఫైళ్లు ఒకదాన్నొకటి ప్రోటో దారి మూలం నుంచే ఇంపోర్ట్ చేసుకుంటాయి. వాటిని 'జెన్' అనే ప్యాకేజీ లోపల పెడితే "మాడ్యూల్ దొరకలేదు" అంటుంది. చాలామంది జనరేట్ అయిన ఫైళ్ల మీద సెడ్ (టెక్స్టును వెతికి మార్చే) కమాండు నడిపి ఇంపోర్టులను సరిచేస్తుంటారు. దాని బదులు, ప్రోటో ఫైళ్ల ఫోల్డర్ దారే మీకు కావాల్సిన పైథాన్ ప్యాకేజీ దారి అయ్యేలా మొదట్లోనే అమర్చుకోండి. సెడ్ అవసరమే ఉండదు.

3. ఒక్క కమాండుతో జనరేట్ అయ్యేలా చేయండి

'మేక్ జెన్' అనగానే పాత ఫోల్డర్ తుడిచి, కొత్తది పుట్టాలి. ఇక్కడ తరచూ కనిపించే పొరపాట్లు మూడు.

ఒకటి, ఫైళ్లు ఎక్కడో లోతైన ఫోల్డర్లో పడడం. గో ప్లగిన్ మామూలుగా ఇంపోర్ట్ దారి మొత్తాన్నీ ఫోల్డర్లుగా పరుస్తుంది. 'పాత్స్' ఆప్షన్‌కు 'సోర్స్ రిలేటివ్' ఇవ్వండి, ప్రోటో ఫైలు ఉన్న దారినే అనుసరిస్తుంది.

రెండు, పాత ట్యుటోరియల్ చూసి 'ప్లగిన్స్ ఈక్వల్స్ జీఆర్‌పీసీ' అని ఇవ్వడం. ఒకప్పుడు ఒకే ప్లగిన్ రెండు పనులూ చేసేది. ఇప్పుడది కుదరదు, మెసేజ్‌లకొక అవుట్‌పుట్ ఆప్షన్, సర్వీసులకొక ఆప్షన్ విడివిడిగా ఇవ్వాలి.

మూడు, ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కో ప్లగిన్ వెర్షన్ ఉండడం. జనరేట్ అయిన ప్రతి ఫైలు తల మీదా ప్లగిన్ వెర్షన్, ప్రోటోక్ వెర్షన్ రాసి ఉంటాయి. మీరు ఒక ఫీల్డు చేర్చి పుల్ రిక్వెస్ట్ పెడితే అన్ని ఫైళ్లలోనూ తల మార్పులు కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. వెర్షన్లను మేక్‌ఫైలులోనో, బఫ్ సెట్టింగుల్లోనో అంకెలతో సహా కట్టేయండి. 'లేటెస్ట్' అనే మాట అక్కడ కనిపించకూడదు.

4. డొమైన్ టైపులను చేత్తో రాయండి

ఎక్కువ ప్రతిఘటన వచ్చేది ఇక్కడే. "ప్రోటోలో అరువు అనే స్ట్రక్ట్ ఉండగా, అవే ఫీల్డులతో మళ్లీ ఇంకొకటా?" అంటారు. ఆ జనరేట్ అయిన స్ట్రక్టును ఒకసారి తెరిచి చూడండి. మీ ఫీల్డులతో పాటు లోపల దాని సొంత సరంజామా కొంత ఉంటుంది. దాన్ని విలువగా కాపీ చేస్తే 'గో వెట్' (కోడ్‌లో అనుమానం ఉన్నచోట్లను పట్టే టూల్) తాళాన్ని కాపీ చేస్తున్నారని గొణుగుతుంది. రెండు మెసేజ్‌లు సమానమో కాదో తేల్చడానికి రెండు ఈక్వల్స్ గుర్తులు పనికిరావు, ప్రోటో ప్యాకేజీలోని 'ఈక్వల్' ఫంక్షన్ వాడాలి. డబ్బు ఉత్త అంకె, తేదీ ఒక పాయింటర్, సభ్యుడి ఐడీ, పుస్తకం ఐడీ రెండూ ఉత్త స్ట్రింగులు, ఒకదాని చోట ఇంకొకటి పంపినా కంపైలర్ నోరెత్తదు.

మీ సొంత టైపుల్లో సభ్యుడి ఐడీకి ఒక టైపు, పుస్తకం ఐడీకి ఒక టైపు పెట్టుకోవచ్చు. గడువు తేదీ లేని అరువును సృష్టించడమే కుదరకుండా కన్‌స్ట్రక్టర్ రాయవచ్చు. ప్రోటో మెసేజ్‌కు ఆ పట్టింపు లేదు, ఏ ఫీల్డు ఖాళీగా వచ్చినా అది చెల్లుబాటయ్యే మెసేజే.

ప్రత్యామ్నాయం: మీ సర్వీసు ఒక మెసేజ్ అందుకుని మరో సర్వీసుకు చేరవేసే ప్రాక్సీ మాత్రమే అయితే, లేదా రెండు మూడు మెథడ్లతో డేటాబేస్ వరుసలు చదివి ఇచ్చేదే అయితే, ఈ డొమైన్ అంతా పెట్టుకోకండి. జనరేట్ అయిన టైపులనే నేరుగా వాడేయండి. "గడువు దాటితే కొత్త అరువు లేదు" లాంటి మొదటి నియమం వచ్చిన రోజున విడదీసుకోవచ్చు. నియమాలు లేని సర్వీసుకు నాలుగు లేయర్లు కట్టడం కూడా తప్పే. ఆ తప్పు నేనూ చేశాను.

5. హ్యాండ్లర్‌ను పలచగా ఉంచండి

హ్యాండ్లర్ చేయాల్సిన పనులు: రిక్వెస్టును డొమైన్ టైపుల్లోకి మార్చడం, యాప్ లేయర్‌ను పిలవడం, వచ్చిన జవాబును మళ్లీ ప్రోటోలోకి మార్చడం, ఎర్రర్ వస్తే దాన్ని స్టేటస్ కోడ్ చేయడం. టోకెన్‌లోంచి సభ్యుడెవరో తీయడం కూడా ట్రాన్స్‌పోర్ట్ పనే, మెటాడేటా (టోకెన్ లాంటివి రిక్వెస్టు వెంట వచ్చే చోటు) అనే మాట యాప్ లేయర్‌లో వినిపించకూడదు.

సర్వర్ స్ట్రక్టులో 'అన్‌ఇంప్లిమెంటెడ్' అని మొదలయ్యే జనరేట్ అయిన స్ట్రక్టును ఎంబెడ్ చేయాలి. ప్రోటోలో రేపు కొత్త మెథడ్ చేరినా మీ కోడ్ కంపైల్ కావడానికి అదే ఆధారం. దాన్ని పాయింటర్‌గా కాక, విలువగా ఎంబెడ్ చేయండి. పాయింటర్ పెట్టి నింపడం మరిచిపోతే, కొత్త ప్లగిన్ వెర్షన్లలో సర్వర్‌ను నమోదు చేయగానే ప్యానిక్ వస్తుంది, పాతవాటిలో మీరు ఇంకా రాయని మెథడ్‌ను ఎవరైనా పిలిచినప్పుడు "ఇంకా అమలు చేయలేదు" అనే మర్యాదైన జవాబు బదులు నిల్ పాయింటర్ ప్యానిక్ వస్తుంది.

రిక్వెస్టులోని ఫీల్డులను చుక్క పెట్టి నేరుగా చదవకండి, జనరేట్ అయిన 'గెట్' ఫంక్షన్లతో చదవండి. రిక్వెస్టులో 'లోన్' అనే లోపలి మెసేజ్ రాకపోతే నేరుగా చదివిన కోడ్ పడిపోతుంది. గెట్ ఫంక్షన్లు నిల్ మీద పిలిచినా ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటాయి. ఆ ఊరుకోవడంలోనూ ఒక ప్రమాదం ఉంది, అది ఆరో దశలో.

స్ట్రీమింగ్ మెథడ్లలో జనరేట్ అయిన స్ట్రీమ్ వస్తువును యాప్ లేయర్‌కు అప్పజెప్పడం చాలా చోట్ల చూశాను. దాని బదులు "ఒక్కో అరువు దొరికినప్పుడల్లా ఈ ఫంక్షన్‌ను పిలువు" అని ఒక కాల్‌బ్యాక్ ఇవ్వండి. ఆ ఫంక్షన్ లోపల మార్చి పంపే పని హ్యాండ్లర్ చూసుకుంటుంది.

6. మార్పిడి ఫంక్షన్లు: అసలు కష్టమంతా ఇక్కడే

వీటిని ట్రాన్స్‌పోర్ట్ ఫోల్డర్లోనే, విడి ఫైలులో పెట్టండి. డొమైన్ స్ట్రక్టు మీద 'టు ప్రోటో' అనే మెథడ్ రాయాలనిపిస్తుంది, పిలవడానికి ముచ్చటగా కూడా ఉంటుంది. రాశారంటే డొమైన్ ప్యాకేజీ జెన్‌ను ఇంపోర్ట్ చేసినట్టే, ఇంతసేపూ పడ్డ శ్రమ వృథా. మామూలు ఫంక్షన్లుగానే ఉంచండి. ప్రోటో నుంచి డొమైన్‌కు వచ్చేవి ఎర్రర్ ఇవ్వగలగాలి, డొమైన్ నుంచి ప్రోటోకు వెళ్లేవాటికి ఆ అవసరం దాదాపుగా రాదు.

ఇప్పుడు తేదీల సంగతి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో అచ్చం ఇలాంటి రికార్డే ఉండేది. తిరిగి ఇచ్చిన తేదీ ఖాళీగా ఉంటే వస్తువు ఇంకా వాడుకునేవారి దగ్గరే ఉందని అర్థం. మార్పిడి ఫంక్షన్‌లో "గెట్ రిటర్న్డ్ యాట్" పిలిచి, దాని మీద "యాజ్ టైమ్" పిలిచి, వచ్చినదాన్ని డొమైన్‌లో పెట్టాం. డొమైన్‌లో "తేదీ ఈజ్ జీరో అయితే ఇంకా వాపసు రాలేదు" అని చూశాం. చదివితే ఎక్కడా తప్పు కనిపించదు. కానీ ఖాళీ టైమ్‌స్టాంప్ మీద 'యాజ్ టైమ్' పిలిస్తే వచ్చేది 1970 జనవరి 1. గోలో సున్నా సమయం అంటే 1వ సంవత్సరం జనవరి 1. రెండూ వేరు కాబట్టి 'ఈజ్ జీరో' కాదంది. దాంతో ఇంకా వాపసు రాని ప్రతి రికార్డూ 1970లోనే వాపసు వచ్చేసినట్టు లెక్క తేలింది. టెస్టులన్నీ పచ్చగానే ఉన్నాయి, ఎందుకంటే టెస్టు డేటాలో అన్ని ఫీల్డులూ బుద్ధిగా నింపి పెట్టాం.

కాబట్టి తేదీని మార్చే ముందు టైమ్‌స్టాంప్ నిల్ అవునో కాదో చూడండి, ఆ తర్వాత 'చెక్ వ్యాలిడ్' పిలవండి. అటు తిరుగు దారిలోనూ ఇదే జాగ్రత్త కావాలి. గో సున్నా సమయాన్ని టైమ్‌స్టాంప్‌గా మారిస్తే ఖాళీ రాదు, 1వ సంవత్సరపు తేదీ ఒకటి నిక్షేపంగా బయటికి వెళుతుంది. ఈ రెండు దిశలకూ రెండు చిన్న ఫంక్షన్లు రాసుకుని, ప్రాజెక్టంతా వాటినే వాడండి.

ఎన్యూమ్‌లు, అంటే అంకెలకు పేర్లు పెట్టిన జాబితాలు. ప్రోటోలో సున్నా విలువను 'అన్‌స్పెసిఫైడ్'కు వదిలేయండి. మార్పిడిలో స్విచ్ రాసి, తెలియని విలువ వస్తే ఎర్రర్ ఇవ్వండి. ప్రోటో3లో ఎన్యూమ్‌లకు తలుపు తెరిచే ఉంటుంది, మీ వెర్షన్‌కు తెలియని అంకె కూడా నిరాటంకంగా లోపలికి వస్తుంది. అంకెను నేరుగా డొమైన్ టైపులోకి కాస్ట్ చేసే ఒక లైను కోడ్ ఎవరైనా రాస్తే రివ్యూలో ఆపండి. ప్రోటోలో ఒక విలువ చేర్చిన రోజున రెండు జాబితాల అంకెలూ ఒకదానితో ఒకటి పొసగకుండా పోతాయి.

సున్నా, ఇవ్వకపోవడం. ప్రోటో3లో మామూలు అంకె ఫీల్డు సున్నాగా వస్తే, పంపినవారు సున్నా అన్నారో, అసలేమీ అనలేదో చెప్పలేం. "జరిమానా సున్నా" అన్న మాటకూ "జరిమానా సంగతి తెలియదు" అన్న మాటకూ తేడా ఉంటే ఆ ఫీల్డుకు 'ఆప్షనల్' పెట్టండి. ప్రోటోక్ 3.15 నుంచి దీనికి ప్రత్యేక ఫ్లాగు కూడా అక్కర్లేదు. అప్‌డేట్ రిక్వెస్టులకైతే 'ఫీల్డ్‌మాస్క్' (ఏ ఫీల్డులు మార్చాలో చెప్పే జాబితా) చేర్చడం ఇంకా స్పష్టం.

స్టోరేజ్ లేయర్ గురించి రెండు మాటలు. జనరేట్ అయిన స్ట్రక్టును జేసన్ చేసి డేటాబేస్‌లో పెట్టేయాలన్న ఆశ అందరికీ పుడుతుంది. గో మామూలు జేసన్ ప్యాకేజీ టైమ్‌స్టాంపులను, 'వన్ ఆఫ్' (కొన్నిటిలో ఒక్కటే నిండే) ఫీల్డులను ప్రోటో పద్ధతిలో రాయదు. 'ప్రోటోజేసన్' సరిగ్గా రాస్తుంది, కానీ 64 బిట్ల అంకెలను కోట్స్ మధ్య స్ట్రింగుగా మారుస్తుంది. పైగా దాని అవుట్‌పుట్‌లో ఖాళీలు ఒక్కో బిల్డుకు ఒక్కోలా ఉండవచ్చు, ఎవరూ ఆ అక్షరాల మీద ఆధారపడకూడదని కావాలనే అలా చేశారు. టెక్స్టును పోల్చే టెస్టులు ఉన్నట్టుండి పడిపోతుంటే ముందు ఇక్కడ వెతకండి.

7. ఎర్రర్లను ఒక్కచోటే అనువదించండి

జీఆర్‌పీసీలో స్టేటస్ కోడ్‌లు 0 నుంచి 16 వరకు, మొత్తం 17. యాప్ లేయర్‌కు వీటిలో ఒక్కటీ తెలియనక్కర్లేదు. అది "సభ్యుడు లేడు", "పుస్తకం ఇప్పటికే అరువులో ఉంది" అని తన భాషలో ఎర్రర్ ఇస్తే చాలు. ట్రాన్స్‌పోర్ట్‌లో ఒక ఇంటర్‌సెప్టర్ (ప్రతి కాల్ చుట్టూ నడిచే ఫంక్షన్) రాసి, అక్కడ మార్చండి. సభ్యుడు లేకపోతే 'నాట్ ఫౌండ్', అంటే 5. పుస్తకం అరువులో ఉంటే 'ఫెయిల్డ్ ప్రీకండిషన్', అంటే 9. రిక్వెస్టే తప్పయితే 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్', అంటే 3. జాబితాలో లేనిదేదైనా 13, 'ఇంటర్నల్'. అసలు వివరం లాగులోకి, క్లయింటుకు మాత్రం ఒక సాదా వాక్యం.

ఇది చేయకపోతే ఏమవుతుంది? మామూలు గో ఎర్రర్‌ను హ్యాండ్లర్ నుంచి అలాగే పంపితే క్లయింటుకు కోడ్ 2, 'అన్‌నోన్' చేరుతుంది. దాని వెంట ఎర్రర్ టెక్స్టు మొత్తం కూడా. టేబుల్ పేర్లు, హోస్ట్ పేర్లు అన్నీ బయటి వారు చదువుకోవచ్చు.

8. మీరు పిలిచే సర్వీసులను మరచిపోకండి

సర్వర్ వైపు ఇంత శ్రద్ధ పెట్టినవారే, వేరే సర్వీసును పిలవాల్సి వచ్చేసరికి జనరేట్ అయిన క్లయింటును తీసుకెళ్లి యాప్ లేయర్ స్ట్రక్టులో పెట్టేస్తారు. ఇందులో మోసం ఏమిటంటే, ఆ క్లయింట్ ఒక ఇంటర్‌ఫేస్. "ఇంటర్‌ఫేసే కదా, టెస్టులో మార్చుకోవచ్చు" అనిపిస్తుంది. కానీ దాని మెథడ్లు తీసుకునేవీ ఇచ్చేవీ ప్రోటో మెసేజ్‌లు, చివర జీఆర్‌పీసీ కాల్ ఆప్షన్లు కూడా.

యాప్ ప్యాకేజీలోనే మీకు కావాల్సినంత చిన్న ఇంటర్‌ఫేస్ రాయండి: "ఈ ఐడీ గల సభ్యుడికి ఎన్ని పుస్తకాల పరిమితి?" అంతే. ఇంటర్నల్/క్లయింట్స్ లోపల ఒక అడాప్టర్ జనరేట్ అయిన క్లయింటును పట్టుకుని ఆ ప్రశ్నకు జవాబిస్తుంది. అడాప్టర్‌లో చూసుకోవాల్సినవి:

- డెడ్‌లైన్ పెట్టండి. జీఆర్‌పీసీ తనంతట తాను ఏ డెడ్‌లైనూ పెట్టదు, అవతలి సర్వర్ మౌనం వహిస్తే మీ కాల్ కూడా అక్కడే కూర్చుంటుంది.
- కనెక్షన్‌ను మెయిన్‌లో ఒకసారి తెరిచి అందరికీ పంచండి. ప్రతి కాల్‌కూ కొత్తది తెరవకండి.
- అవతలి నుంచి వచ్చిన స్టేటస్ ఎర్రర్‌ను మీ సొంత ఎర్రర్‌గా మార్చండి. మార్చకపోతే సభ్యత్వ సర్వీసు చెప్పిన 'నాట్ ఫౌండ్' మీ హ్యాండ్లర్ గుండా అలాగే బయటికి వెళ్లిపోయి, అరువు దొరకలేదని మీ క్లయింట్ అపార్థం చేసుకుంటుంది.

9. కాపలా పెట్టండి

నియమాన్ని రీడ్‌మీలో రాస్తే ఎవరూ చదవరు. డెప్‌గార్డ్ సెట్టింగుల్లో డొమైన్, యాప్, స్టోరేజ్ ఫోల్డర్లకు జెన్, జీఆర్‌పీసీ, ప్రోటోబఫ్ ప్యాకేజీలను నిషేధించండి. ఎర్రర్ సందేశంలో కారణం కూడా రాయండి: "మార్పిడి ట్రాన్స్‌పోర్ట్‌లో చేయండి".

సీఐలో ఇంకో రెండు. 'మేక్ జెన్' నడిపి, ఆ తర్వాత గిట్‌లో తేడా కనిపిస్తే బిల్డు ఆపేయాలి. చేత్తో దిద్దిన ఫైళ్లు, జనరేట్ చేయడం మరిచిన ప్రోటోలు రెండూ దీనికే దొరుకుతాయి. రెండోది 'బఫ్ బ్రేకింగ్', మెయిన్ బ్రాంచితో పోల్చి ఫీల్డు నంబర్లు, టైపులు మారితే చెబుతుంది. తీసేసిన ఫీల్డు నంబరును 'రిజర్వ్‌డ్' అని రాసి పెట్టండి, ఇంకెవరూ దాన్ని తిరిగి వాడకుండా.

సరిగ్గా వచ్చిందో లేదో చూడడం ఎలా

నాకు నచ్చిన పరీక్ష మొరటుది. జెన్ ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చేసి, డొమైన్, యాప్, స్టోరేజ్ ప్యాకేజీలను మాత్రమే బిల్డు చేయండి. కంపైల్ అయితే గడప నిలిచినట్టే. కాకపోతే ఎర్రర్లే మీరు సరిచేయాల్సిన జాబితా. ఇంకొంచెం నాజూకుగా కావాలంటే డొమైన్ ప్యాకేజీ మీద 'గో లిస్ట్'ను 'డెప్స్' ఫ్లాగుతో నడిపి, వచ్చిన జాబితాలో జీఆర్‌పీసీ అనే మాట వెతకండి. నేరుగా కాక, మరో ప్యాకేజీ చాటుగా వచ్చినవి కూడా కనిపిస్తాయి.

తర్వాత, మార్పిడికి రానూపోనూ టెస్టు. డొమైన్ అరువును ప్రోటోగా, ప్రోటోను మళ్లీ డొమైన్‌గా మార్చి, మొదటిదానితో పోల్చండి. అన్నీ నిండిన అరువుతో ఒకసారి, ఐచ్ఛికమైనవన్నీ ఖాళీగా ఉన్న అరువుతో మరోసారి. ఆ రెండోదాన్ని రాసి ఉంటే మా 1970 ముచ్చట జరిగేదే కాదు. తేదీలను పోల్చేటప్పుడు టైమ్ టైపులోని 'ఈక్వల్' మెథడ్ వాడండి. తిరిగి వచ్చిన సమయం యూటీసీలో ఉంటుంది కాబట్టి, క్షణం అదే అయినా ఈక్వల్స్ గుర్తులతో పోలిస్తే తేడా అంటుంది.

మూడోది, ప్రతి మెథడ్‌కూ పూర్తిగా ఖాళీ రిక్వెస్టు పంపడం. 'ఇన్‌వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్' రావాలి. ప్యానిక్ వచ్చినా, అంతకన్నా ఘోరంగా ఓకే వచ్చినా పని మిగిలే ఉంది. దీనికి నిజమైన పోర్టు తెరవక్కర్లేదు, 'బఫ్‌కాన్' ప్యాకేజీతో మెమరీలోనే సర్వర్, క్లయింట్ రెండూ నడపవచ్చు. పేరులో బఫ్ ఉన్నా పైన చెప్పిన బఫ్ టూల్‌తో దీనికి చుట్టరికం లేదు. ఇంటర్‌సెప్టర్లతో సహా నిజమైన దారి గుండానే వెళుతుంది కాబట్టి స్టేటస్ కోడ్‌లు కూడా ఇక్కడే తేలిపోతాయి.

ఇప్పటికే అంతా కలగలిసిపోయి ఉంటే

"ఇవన్నీ కొత్త ప్రాజెక్టుకు బాగుంటాయి, మాది మూడేళ్ల పాత కోడ్" అనేవారికి: ఒక్క వారాంతంలో అంతా మార్చేయబోకండి, ఆ పుల్ రిక్వెస్టును ఎవరూ రివ్యూ చేయలేరు. ముందు కాపలా పెట్టండి. ఈ రోజున నియమం తప్పుతున్న ఫైళ్లన్నిటినీ డెప్‌గార్డ్ మినహాయింపుల్లో రాయండి. కొత్త ఫైలు ఏదీ ఆ జాబితాలో చేరకూడదు. తర్వాత స్టోరేజ్ నుంచి మొదలుపెట్టి పైకి రండి. డేటాబేస్ కోడ్‌లో ప్రోటో టైపులు ఉంటే ప్రోటో మార్పు కాస్తా డేటా మైగ్రేషన్ అవుతుంది, కాబట్టి ఎక్కువ నొప్పి అక్కడే. ఒక్కో మెథడ్‌కు ఒక్కో పుల్ రిక్వెస్ట్. ఫైలు శుభ్రమైనప్పుడల్లా మినహాయింపుల నుంచి ఒక లైను చెరిపేయండి. మీదగ్గర ఏ మెథడ్ ప్రోటో తరచూ మారుతోందో గిట్ లాగులో చూసి, వరుస దాన్ని బట్టి వేసుకోండి. ఏళ్లుగా కదలని మెథడ్లను చివరికి వదిలేయవచ్చు, లేదా అసలు ముట్టుకోకపోయినా ఏమీ కాదు.